ఒక్క కాయా తడవలేదు

మా కోడలు నాగజ్యోతి కాపురానికి వచ్చిన నెల నుంచీ మా ఇద్దరికీ ఉప్పూ నిప్పే. నేను ఒకటంటే అది నాలుగనేది. నేను చీపురు తలుపు వెనక పెడితే అది తీసి పెరట్లో నీళ్ళ గాబు పక్కన పెట్టేది. పులుసులో ఉప్పు తగ్గిందంటే, "పులుసుదేం లేదు అత్తా, నీ నాలుకే మొద్దుబారింది" అనేది. సత్తెనపల్లి బజారులో మా ఊరి పేరు చెబితే, "శివపార్వతీ, ఆమె కోడలూ పోట్లాడుకునే ఊరేనా" అని అడిగేవాళ్ళు. నాకు సిగ్గేం లేదు. మా ఆయన పోయాక ఈ ఇంట్లో నాకు సమానంగా నోరు చేసే మనిషి అదొక్కతే. మా అబ్బాయి ప్రేమ్‌చంద్ ఉన్నాడంటే ఉన్నాడు, నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉంటాడు. మనవరాలు మాధురి నల్లపాడులో హాస్టల్లో ఉండి పదో తరగతి చదివేది. ఇక మిగిలింది మేమిద్దరమే. కోడలితో రెండు మాటలు విసురుకోకపోతే నాకు తిన్నది అరిగేది కాదు.

అలాంటిదాని నోరు ఒక డాక్టరు మూయించాడు.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే మా పల్లెలకు వస్తున్న రోజులవి. మిరప రెండో కోతలో ఉండగా దానికి కడుపునొప్పి వచ్చింది. వేడి చేసిందనుకుని మజ్జిగ తాగించాం, వాము నమిలించాం. సాయంత్రానికి పొట్ట ఉబ్బి, పచ్చగా వాంతులు మొదలయ్యాయి. ప్రేమ్‌చంద్ ఆటోలో సత్తెనపల్లి తీసుకెళితే అక్కడ చూసి గుంటూరు పొమ్మన్నారు. పేగు మెలిక పడిందట. కొంత ముక్క నల్లబడిపోతే అది కోసేసి మిగతాది కలిపి కుట్టారు. రొమ్ము కింద నుంచి బొడ్డు దాటేదాకా నిలువుగా కోత. చేలో గట్టు మీద నిలబడి కూలివాళ్ళను గదమాయించే మనిషి తెల్ల దుప్పటి కింద పసిపిల్లలాగా పడి ఉంది.

ఇంటికి పంపేరోజు డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు. చిన్నవాడే, కానీ మర్యాద తెలిసినవాడు.

"మామ్మగారూ, పైన కుట్లు తీసేశాం. లోపలి పొర మాత్రం ఇంకా పచ్చిగానే ఉంది. బరువులెత్తకూడదు. గట్టిగా దగ్గకూడదు. దగ్గు ఆగకపోతే పొట్టకు దిండు అదిమి పట్టుకోమనండి. గాయం నుంచి పల్చగా నీళ్ళు కారితే ఆలస్యం చెయ్యకుండా తీసుకురండి. ఒకవేళ విడిపోయిందనుకోండి, మీరు లోపలికి నెట్టొద్దు. శుభ్రమైన తడిగుడ్డ కప్పి వెంటనే తీసుకురండి" అన్నాడు.

"అరవొచ్చా?" అని అడిగాను.

"ఎవరండీ?"

"కోడలే. నా మీద."

ఆయన నవ్వాడు. "కొన్నాళ్ళు వద్దండి. మీరు నవ్వించొద్దు కూడా."

దగ్గకూడదట. కోతల కాలంలో మా ఊళ్ళో దగ్గకుండా ఉండేవాడెవడు? గాలి ఇటు తిరిగిందంటే కళ్ళాల మీద ఎండబోసిన కాయ ఘాటంతా ఊళ్ళోకి వస్తుంది. మా పిల్లలు తుమ్ముతూనే నడక నేర్చుకుంటారు. ఇక ఏ ఇంట్లో తాలింపు పెట్టినా ఎండుమిరపకాయ పడాల్సిందే. ఇల్లు చేరిన రోజే నేను మా పొయ్యి మీద మిరపకాయ వేయించడం మానేశాను. మర్నాడు మా సందులో గడప గడపకూ వెళ్ళాను.

"మా కోడలు లేచి తిరిగేదాకా ఈ సందులో ఎవురూ తాలింపులో మిరపకాయ వెయ్యమాకండి. వేశారంటే మీ మూకుడు నడిబజార్లో ఉంటది" అని చెప్పాను.

"మిరపకాయ లేకుండా పప్పెట్టా దిగుద్ది పెద్దమ్మా" అన్నాడు మూలింటి బుల్లయ్య.

"ఆవాలు వేసుకుని తిను. చస్తావా ఏంది?" అన్నాను.

నా వెనక తిట్టుకున్నారో నవ్వుకున్నారో నాకు తెలియదు. కానీ అందరూ నా మాట మన్నించారు. కారాలు కొట్టుకునే రోజులు కదా, కాయ వేయించాల్సినవాళ్ళు మూకుడు, కట్టెలు చంకన పెట్టుకుని ఊరవతల బీడులోకి వెళ్ళి వేయించుకొచ్చేవాళ్ళు. ఎదురింటి మాబూబీ అయితే ఇంకో అడుగు ముందుకేసింది. వాళ్ళు దూదేకులవాళ్ళు, పరుపులూ దిండ్లూ కుట్టడం వాళ్ళ పని. మా ఇంట్లో మిగిలిన పాత పత్తే ఏకి, జానెడు దిండు ఒకటి కుట్టి తెచ్చింది.

"మెత్తగా ఉంటే అదమదు జ్యోతీ, అందుకే గట్టిగా కూరాను. దగ్గొస్తే ఇది ఆనించుకో" అంది. కోడలు దాన్ని పగలూ రాత్రీ పక్కలోనే పెట్టుకునేది.

పలకరించడానికి వచ్చే ఆడవాళ్ళు మాత్రం ఊరుకోలేదు. పప్పు పెడితే చీము పడుతుందని ఒకామె, వంకాయ పెడితే దురద పుడుతుందని ఒకామె, నీళ్ళు ఎక్కువ తాగిస్తే కోత నానుతుందని ఇంకొకామె. డాక్టరేమో పప్పు, గుడ్డు, పాలు దండిగా పెట్టమన్నాడు. మా కోడలు చిన్నప్పటి నుంచీ ఈ మాటలు విని పెరిగిన మనిషేగా, పప్పన్నం చూస్తే మూతి బిగించేది. నేను నా కంచం కూడా పక్కకు నెట్టి కూర్చున్నాను. నువ్వు తినేదాకా నేనూ ముట్టనన్నాను. అది కాసేపు నన్ను కొరకొర చూసి, చివరికి ముద్ద తీసుకుంది.

"చీము పట్టిందంటే నీ పేరే చెప్తా" అంది మెల్లగా.

అరవకూడదు కాబట్టి అది కళ్ళతోనే పోట్లాడేది. నేను చీపురు తలుపు వెనక పెడితే మంచం మీద నుంచి వేలు చూపించి గాబు వైపు తిప్పేది. నేను చూడనట్టు నటించేదాన్ని. ఒకసారి అట్లాగే ఏదో అంటే దానికి నవ్వొచ్చింది. నవ్వు ఆపుకోలేక దిండు పొట్టకు అదుముకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నవ్వించమాకు అత్తా, ప్రాణం పోతంది" అంది. ఆ తరవాత నేను నోరు కట్టేసుకున్నాను. ఇల్లు ఇల్లులా లేదు. ఎవరైనా వచ్చి, ఎప్పుడూ లేనిది ఇంత నిశ్శబ్దంగా ఉందేమిటి అంటే నాకు ఏడుపొచ్చేది.

కోడలి ధ్యాసంతా కాయ మీదే. మా ఇంటికి పంటనేది వచ్చి రెండేళ్ళయింది. ఒక ఏడు మిరపకు ముడత వచ్చి ఆకంతా చుట్టుకుపోయింది. మరుసటి ఏడు పత్తిని పురుగు తినేసింది. ఈసారి నారు పోసిన దగ్గర నుంచీ అది చేనొదిలి రాలేదు. కలుపు తీసేటప్పుడు మధ్యాహ్నం అన్నం కూడా సాలు మధ్యలోనే తినేది. కాయ నిగనిగలాడుతూ కాసింది. కోసి కళ్ళం మీద పోసేసరికి ఇదిగో, కడుపునొప్పి. ప్రేమ్‌చంద్ కళ్ళం దగ్గరే కాపలా పడుకుని, పొద్దున్నే స్నానానికి ఇంటికి వచ్చేవాడు.

"కాయ తిరగేశారా? తాలుకాయ ఏరించావా? కప్పిన పట్టా అంచులకి రాళ్ళు పెట్టావా?" అని వాణ్ణి అడిగేది.

"ఆ" అనేవాడు వాడు. ప్రశ్నలెన్నైనా జవాబు అదొక్కటే.

"రంగెట్టా ఉంది?"

"బాగుంది" అని, దాని నుదుటి మీద చెయ్యి వేసి చూసి వెళ్ళిపోయేవాడు. కూలివాడు రాని రోజున వాడొక్కడే కళ్ళమంతా తిరగేసేవాడు. కాయ బస్తాలకెత్తే రోజు దగ్గరపడుతోందని ఆ ఇద్దరి ముఖాల్లోనూ తెలిసేది.

ఒక సాయంత్రం గాయానికి గుడ్డ మార్చబోతే అది తడిసి ఉంది. చీము కాదు, నెత్తురూ కాదు. మాంసం కడిగిన నీళ్ళలాగా పల్చగా ఉంది. డాక్టరు మాట గుర్తొచ్చి వెంటనే ప్రేమ్‌చంద్‌కు కబురు పంపాను. వాడు పరుగున వచ్చాడు. ఆటో కోసం తిరిగితే, ఉన్న ఒక్క ఆటో పెళ్ళివాళ్ళను ఎక్కించుకుని పోయింది. ట్రాక్టరు కుదుపుకు కోత ఆగదని భయపడి, తెల్లవారగానే మొదటి బస్సుకు గుంటూరు వెళ్ళిపోదామని బట్టలు సర్ది పెట్టాం.

తెల్లవారుతూనే వాన. మాఘం వెళ్ళి ఎండలు ముదిరే వేళ వాన ఏమిటి చెప్పండి. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు సరిగ్గా ఆ రోజే పడింది. కుండపోత, దానికి తోడు ఈదురుగాలి. కరెంటు పోయింది. వాగు పొంగి చప్టా మీద నీళ్ళు పారుతున్నాయని బస్సు అవతల నుంచే వెనక్కి పోయింది. మా నల్లరేగడి కళ్ళాల్లో నీళ్ళు నిలిస్తే కాయ పైన పట్టా ఉండి ఏం లాభం, కింద నుంచి నానిపోతుంది. ఊరు ఊరంతా కళ్ళాల మీద పడింది. ట్రాక్టర్లలోకి ఎత్తి కాయ ఇళ్ళకు చేరవేస్తున్నారు. డాబా ఇళ్ళు, పెంకుటిళ్ళు, బడి, అన్నీ కాయతో నిండిపోతున్నాయి.

మధ్యాహ్నానికి మా గుమ్మం ముందు ట్రాక్టరు ఆగింది. ప్రేమ్‌చంద్ నెత్తిన బస్తాతో మెట్లెక్కాడు. నేను రెండు చేతులూ చాపి గుమ్మానికి అడ్డం నిలబడ్డాను.

"ఎక్కడికిరా?"

"లోపలికమ్మా. పంచలోకి జల్లు కొడతంది."

"లోపల మనిషి పడుకుని ఉంది. నీ కళ్ళకి ఆనట్లా?"

"ఇంకెక్కడ పెట్టనమ్మా? బడి కూడా నిండిపోయింది."

"నానితే నాననీ. పోతే కాయ పోద్ది. మనిషి పోద్దా ఏంది?"

వాడి జుట్టు మీద నుంచి నీళ్ళు కారుతున్నాయి. వెనక్కి తిరిగి మెట్టు దిగబోయాడు. ఒక మాట మాత్రం చెప్పి తీరాలి. వాడు దిగిపోయేవాడే.

లోపలి గదిలో నుంచి కోడలి గొంతు వినిపించింది. ఇన్నాళ్ళలో అంత పెద్దగా అది మాట్లాడలేదు.

"లోపలికి తేవయ్యా. తలుపేసుకుంటా. నాకేం కాదు."

"నువ్వు నోరు మూసుకుని పడుకో" అని నేను అరిచాను.

"అత్తా, అడ్డు లే. నువ్వు లేవకపోతే నేనే లేచొస్తా."

అన్నది అన్నట్టే చేసింది. మంచం కిర్రుమన్న చప్పుడు విని నేను గదిలోకి పరుగెత్తాను. అప్పటికే కాళ్ళు కింద పెట్టి, మంచం పట్టె పట్టుకుని లేవబోతోంది. ముఖం పాలిపోయింది. భుజాలు పట్టుకుని పడుకోబెట్టాను. నీ మొండితనం తగలెయ్య, నీకు నేనెక్కువా ఆ కాయెక్కువా అని నోటికొచ్చినట్టు తిట్టాను. నేను దాన్ని సర్దుతుండగానే ముందు చావిట్లో మొదటి బస్తా గుమ్మరించిన చప్పుడైంది. కోడల్ని మాబూబీ ఇంటికి మోసుకుపోదామా అంటే, అక్కడ పెంకులు కారుతున్నాయి, ఉన్న ఒక్క పొడి గదిలో బుల్లయ్య కాయ పోసుకున్నాడు. ఊళ్ళో ఘాటు లేని చోటు ఆ రోజు లేదు.

గది తలుపు వేశాను. కింద సందులో తడి తువ్వాలు కుక్కాను. దాని ముక్కుకూ నోటికీ తడిగుడ్డ కట్టి, వెనక కిటికీ తెరిచాను. నిజం చెప్పాలంటే, కాసేపు ఏమీ కాలేదు. కాయ కదలకుండా పడి ఉంటే ఘాటు అంతగా లేవదు. చావిట్లో బస్తా తరవాత బస్తా పోస్తుంటే అది కళ్ళు మూసుకుని వింటోంది.

"గలగలమంటంది అత్తా. ఎండింది" అంది గుడ్డలో నుంచే.

"నీ గలగలకు నిప్పెట్ట. మాట్లాడొద్దు."

"ఇంకో ట్రాక్టరు వస్తే అయిపోయినట్టే."

దాని కళ్ళు నవ్వుతున్నాయి. పెళ్ళైన కొత్తలో కూడా దాని ముఖంలో అంత కళ నేను చూడలేదు. నాకు కోపం పోయి చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. రెండో ట్రాక్టరు కూడా వచ్చి ఆగింది.

అప్పుడు కరెంటు వచ్చింది.

పొద్దున కరెంటు పోయినప్పుడు చావిట్లో ఫ్యాను స్విచ్ ఎవరూ కట్టలేదు. ఆ హడావిడిలో ఎవరికి గుర్తుంటుంది? మోకాలెత్తున పోసిన కాయ, దాని నడినెత్తిన ఫ్యాను. గిర్రున తిరిగేసరికి ఎండు తొడిమలూ గింజల దుమ్మూ గుప్పున లేచాయి. ప్రేమ్‌చంద్ దగ్గుతూ స్విచ్ దగ్గరకు పరుగెత్తి కట్టేశాడు. రెప్పపాటు పనే అది. ఆ రెప్పపాటులోనే ఘాటు తలుపు పైసందులో నుంచి మా గదిలోకి దిగింది. నాకే గొంతులో నిప్పు పోసినట్టయింది.

అది దిండు పొట్టకు అదుముకుంది. మొదటి దగ్గు ఆపుకుంది. మెడ నరాలు ఉబ్బిపోయాయి. రెండోది ఆపుకోలేకపోయింది. ఆపైన ఒకదాని మీద ఒకటి. నేను దాని మీద వంగి, నా రెండు చేతులూ దిండు మీద వేసి అదిమి పట్టాను. దగ్గు తెరిపి ఇచ్చాక నన్ను చూసి, చాలా మామూలుగా అంది.

"పొట్టలో ఏందో తెగింది అత్తా."

దుప్పటి తీసి చూశాను. నేను చూసింది చెప్పను. డాక్టరు చెప్పినట్టే చేశాను. కాచి చల్లార్చిన నీళ్ళు బిందెలో ఉన్నాయి, కొత్త పంచె చింపి అందులో తడిపి కప్పాను. నోరు మాత్రం, ఏమేం తిట్టానో నాకే తెలియదు, దేవుణ్ణీ, వాననూ, కరెంటునూ, మా ఆయన్ను కూడా తిట్టాను. ప్రేమ్‌చంద్ గుమ్మంలో నిలబడి చూశాడు. ఒక్క క్షణమే. వెనుదిరిగి బయటికి వెళ్ళాడు.

వాకిట్లో ట్రాక్టరు నిండా కాయ ఉంది. అది కళ్ళంలో మిగిలిన ఆఖరి కాయ. వాడు ట్రాక్టరు వెనక ట్రక్కు ఎక్కి, బస్తాకు బస్తా కాళ్ళతో చేతులతో బురదలోకి తోసేశాడు. బస్తాలు పగిలి కాయ ఎర్రగా బజారంతా పారింది. మాబూబీ, బుల్లయ్య, ఇంకో నలుగురు వచ్చి కోడల్ని మంచంతో సహా మోసి ఆ ట్రక్కులో పెట్టి పైన పట్టా కప్పారు. మోసుకొచ్చేటప్పుడు చావిట్లో కాయ తొక్కుకుంటూ, తలుపులు బార్లా తీసేసి వచ్చేశాం. వాన లోపలికే కొడుతోంది. తలుపు వెయ్యాలని ఎవరికీ తోచలేదు.

"ఆయనేం చేస్తన్నాడు? ఆ చప్పుడేంది?" అని అడిగింది పట్టా కింద నుంచి.

"బండి సర్దుతున్నాడు" అన్నాను.

చప్టా మీద చక్రాలు మునిగేంత నీళ్ళు. వాడు ఆపలేదు. సత్తెనపల్లిలో కారు దొరికింది. గుంటూరు చేరేసరికి ఆ చిన్న డాక్టరే ఉన్నాడు. చూసి, ఎవరినీ ఒక్క మాట అనకుండా లోపలికి తీసుకెళ్ళాడు. మళ్ళీ కుట్టారు. ఈసారి పైనుంచి లావుపాటి కుట్లు వేశారు. ప్రాణానికి ఇప్పటికి ఫరవాలేదు, లోపల చీము పట్టకుండా ఉంటే గట్టెక్కినట్టే అన్నాడు.

కళ్ళు తెరిచి, ప్రేమ్‌చంద్‌ను చూసి అది అడిగిన మొదటి మాట ఇదే.

"కాయ తడిసిందా?"

"లేదు. ఒక్క కాయా తడవలా" అన్నాడు వాడు.

నేను వాడి వైపు చూశాను. వాడు పుట్టి నలభై ఏళ్ళు. వాడు అబద్ధం ఆడటం నేను ఎరగను, అసలు మాట్లాడితేగా అబద్ధమాడటానికి. ఆ రోజు నుంచి నా కొడుక్కి మాటలొచ్చాయి. మళ్ళీ ఎండ కాసిందన్నాడు. చావిట్లో కాయంతా తిరిగి కళ్ళానికి తోలామన్నాడు. బుల్లయ్య కూడా సాయం వచ్చాడన్నాడు. రంగు ఇసుమంత కూడా తగ్గలేదు, చూసినవాళ్ళంతా అడుగుతున్నారన్నాడు. హాస్టల్ నుంచి వచ్చిన మాధురికి కూడా అదే నేర్పించాడు. ఆ పిల్ల తల్లి చెయ్యి పట్టుకుని, "ఇల్లంతా కాయేనమ్మా, నడవటానికి చోటు లేదు" అని చెప్పి, వరండాలోకి వచ్చి వెక్కి వెక్కి ఏడ్చింది.

జరిగిందేమిటంటే, బజారులో పారిన కాయను పశువులు తొక్కాయి. చావిట్లోది తలుపులు తీసి ఉన్నందున సగానికి పైగా నానింది. ముసురు వదలక అది కుప్పల్లోనే ఉడికిపోయి, బూజు పట్టి, మీగడ కట్టినట్టు తెల్లగా అయింది. ప్రేమ్‌చంద్ మధ్యమధ్యలో ఊరికి వెళ్ళి దాన్ని పారతో ఎత్తి దిబ్బలో పోసి, స్నానం చేసి గుంటూరు బస్సెక్కేవాడు. కోడలి మంచం దగ్గర కూర్చుని కాయ గురించి చెప్పేవాడు.

ఆ మాటలకు దానికి నిజంగానే ఓపిక వచ్చినట్టుండేది. అడక్కుండానే పప్పన్నం తినేది. "కాయ ఇల్లు చేరిందిగా, ఇక నేనూ లేవాలి" అనేది. నా మీద ఒకసారి విసుక్కుంది కూడా, దిండు గలీబు తిరగేసి తొడిగానని. నేను ఆనందపడిపోయి వార్డంతా వినపడేలా దానికి జవాబు చెప్పాను. నర్సమ్మ వచ్చి నన్ను కసిరింది. దీన్ని ఇంటికి తీసుకెళతాను, రోజుకు మూడు పూటలా పోట్లాడతాను అనుకున్నాను.

తరవాత జ్వరం మొదలైంది. లోపల చీము పట్టిందన్నారు. గొట్టం వేసి తీశారు, మందులు మార్చారు, రక్తం ఎక్కించారు. డాక్టరు ఏదీ దాచలేదు, చేసేదంతా చేశాడు. కానీ మనిషి రోజురోజుకూ తగ్గిపోతోంది. చెంపలు లోపలికి పోయాయి. కళ్ళు మాత్రం తేటగా ఉండేవి.

ఒక మధ్యాహ్నం ప్రేమ్‌చంద్ మందులు తేవడానికి కిందికి వెళ్ళాడు. నేను తడిగుడ్డతో దాని ముఖం తుడుస్తున్నాను. అది నా చెయ్యి ఆపింది.

"అత్తా. కాయ పోయిందిగా."

"ఎవరే చెప్పింది నీకు?"

"ఎవురు చెప్పాల? ఆయన చొక్కాకి బూజుకాయ వాసన. మొదటిసారి ఊరెళ్ళి వచ్చినప్పుడే తెలిసింది. ఎంత రుద్దుకుని వస్తే మాత్రం అది పోద్దా?"

తడిగుడ్డ మడిచి పక్కన పెట్టాను. ఒక్కటే అడిగాను.

"మరి తెలిసి ఎందుకే రోజూ అడుగుతున్నావు వాణ్ణి?"

"అడిగితేనే మాట్లాడతన్నాడత్తా." కాసేపు ఊపిరి పీల్చుకుంది. "పెళ్ళైన కాడి నుంచీ ఇన్ని మాటలు ఎప్పుడు చెప్పాడు నాతో? రంగట్టా ఉంది, ఇట్టా ఉంది అని చెప్పేటప్పుడు ఆయన ముఖం చూడు. కాసేపు బాగుంటాడు. కాయ లోపలికి తెచ్చిన సంగతి ఆయనకి గుర్తుండదు. ఫ్యాను సంగతీ గుర్తుండదు."

నేను ఏడుస్తున్నాను. అది నా కొంగు తీసి నా ముఖం మీదికే నెట్టింది.

"నాకు తెలిసిందని ఆయనకి చెప్పమాకు. నేను పోయాక కూడా చెప్పమాకు. నీ నోరు అసలే మంచిది కాదు, ఒట్టెయ్యి."

ఒట్టు వేశాను. తిరిగి తిట్టాలని చూశాను, నువ్వు పోవడమేంటే అని. ఇంతలో ప్రేమ్‌చంద్ మందుల సంచితో వచ్చాడు. అది వాడి వైపు తల తిప్పి, నా ముందే అడిగింది.

"కాయ రంగు తగ్గలేదుగా?"

"లేదు. అట్టాగే ఉంది" అన్నాడు వాడు, పక్కన కూర్చుని దాని వేళ్ళు పట్టుకుంటూ. "నువ్వొచ్చి చూద్దువుగాని. నువ్వొచ్చేదాకా బస్తాలకెత్తను."

"ఎత్తమాకు. నేనొచ్చాక ఎత్తుదాం" అంది.

మర్నాడు పొద్దున పోయింది.

మళ్ళీ మా చేలో మిరప వెయ్యలేదు. ప్రేమ్‌చంద్ మినుములూ కందులూ వేస్తున్నాడు. మాధురికి పెళ్ళయి ఇద్దరు పిల్లలు. ఇప్పటికీ చుట్టాలెవరైనా వచ్చి నాగజ్యోతి మాట ఎత్తితే వాడు తల దించుకుని ఒకటే అంటాడు. "దాన్ని బతికించుకోలేకపోయాను. కానీ కాయ తడవలేదనే నమ్మి పోయింది. అంతవరకు నయం." అది అన్నాకే వాడు గ్లాసెత్తి కాస్త టీ తాగుతాడు. ఆ ఒక్క మాట మీదే ఇన్నేళ్ళూ వాడు లేచి చేలోకి పోతున్నాడు. నేను పక్కనే కూర్చుని వింటాను. నా నోట్లో నువ్వుగింజ నానదని ఊరంతా అంటారు, అననివ్వండి. ఇదంతా మీకు చెప్పాను గాని, మా వాడి దగ్గర మాత్రం ఎత్తకండి.